బానిసత్వాన్ని ఎదిరించినవారి జీవిత చరిత్రలు: పిల్లలతో ఎలా చదవాలి?



మొదటి దివ్యసత్ప్రసాదం తీసుకున్న బిడ్డకు, సత్యోపదేశ పరీక్షలో మొదటి స్థానం వచ్చిన బిడ్డకు మనం ఇచ్చే బహుమతి సాధారణంగా ఒక పునీతుని చరిత్ర. బడి లైబ్రరీ నుండి కూడా పిల్లలు గొప్పవారి జీవిత చరిత్రలు ఇంటికి తెస్తుంటారు. వాటిలో బానిసత్వాన్ని ఎదిరించినవారి కథలు తరచు కనిపిస్తాయి. అబ్రహాం లింకన్, విలియం విల్బర్‌ఫోర్స్, హారియెట్ టబ్‌మన్, ఫ్రెడరిక్ డగ్లస్, మన శ్రీసభ నుండి పునీత పీటర్ క్లేవర్, పునీత జోసఫిన్ బకిత మొదలైనవారి కథలివి.

ఇవి మంచి పుస్తకాలు. పిల్లలు ఇష్టంగా చదువుతారు. అయితే పుస్తకం చేతికిచ్చి మన పని మనం చూసుకుంటే సరిపోదు. తల్లిగాని, తండ్రిగాని పక్కన కూర్చుని చదవాలి. ఎందుకు చదవాలో, ఎలా చదవాలో ఈ వారం పాఠంలో తెలుసుకుందాం.

1. పేరున్నవారెవరు?

పిల్లల కోసం రాసిన జీవిత చరిత్రలు చాలావరకు ఒకే అచ్చులో ఉంటాయి. ఒక మంచి మనిషి బానిసల కష్టం చూశాడు, జాలిపడ్డాడు, పోరాడాడు, గెలిచాడు. చివరి పేజీలో బానిసలు చేతులు జోడించి కృతజ్ఞతలు చెబుతారు. పుస్తకం మూసేసరికి బిడ్డ మనసులో మిగిలేదేమిటి? బానిసలంటే నోరులేని ఒక గుంపు అని, స్వేచ్ఛ అంటే దయగల దొర పెట్టిన భిక్ష అని.

ఇది సగం నిజం. క్రైస్తవ బిడ్డకు ఈ సగం నిజం చాలదు. గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ బానిసను ప్రాణమున్న పనిముట్టు అన్నాడు. ప్రతి మనిషి దేవుని పోలికలో సృష్టింపబడ్డాడని ఆదికాండం చెబుతోంది. పనిముట్టుకు ఖరీదు ఉంటుంది, మనిషికి గౌరవం ఉంటుంది. గౌరవం లేని జాలి కూడా పేదవానిని పనిముట్టుగానే చూస్తుంది, మన పుణ్యానికి పనిముట్టుగా. మన పిల్లలకు నేర్పవలసిన మొదటి సంగతి ఇదే.

దీనికి ఒక సులువైన పద్ధతి ఉంది. పుస్తకం చదివేటప్పుడు బిడ్డ చేతికి ఒక పెన్సిలు ఇవ్వండి. పేరున్న బానిస కనిపించినప్పుడల్లా ఒక గీత పెట్టమనండి. చివరకు ఎన్ని గీతలు వచ్చాయో కలిసి లెక్కపెట్టండి. చాలా పుస్తకాలలో ఒకటో రెండో ఉంటాయి. కొన్నింటిలో అవి కూడా ఉండవు.

పునీత పీటర్ క్లేవర్ చరిత్రనే తీసుకుందాం. ఆయన స్పెయిన్ దేశస్థుడు, యేసు సభ గురువు. 1610లో దక్షిణ అమెరికాలోని కార్తహేనా రేవుకు చేరాడు. అది నేటి కొలంబియా దేశంలో ఉంది. ఆఫ్రికా నుండి ఓడలు వచ్చినప్పుడల్లా పండ్లు, మందులు తీసుకుని ఓడ అడుగున ఉన్న చీకటి గదుల్లోకి దిగేవాడు. రోగుల పుండ్లు కడిగేవాడు, తన అంగీ తీసి వారికి కప్పేవాడు. ఆఫ్రికావారికి జీవితాంతం దాసుడనని 1622లో వ్రతపత్రంపై సంతకం చేశాడు. 1654లో కన్నుమూసేదాకా ఆ మాట నిలబెట్టుకున్నాడు.

ఇంతవరకు అన్ని పుస్తకాలూ చెబుతాయి. కాని ఆ ఓడల్లో వచ్చినవారు మాట్లాడే భాషలు అనేకం. క్లేవర్ గారికి అవన్నీ రావు. మరి వారితో ఎలా మాట్లాడాడు? ఆయన పక్కన దుభాషీలు ఉండేవారు. వారు కూడా ఆఫ్రికావారే, వారు కూడా బానిసలే. అంగోలా నుండి వచ్చిన ఆండ్రెస్ సకబూచె వారిలో ఒకడు. క్లేవర్ గారి మరణం తరువాత ఆయన పునీతత్వంపై విచారణ జరిగినప్పుడు ఈ దుభాషీలు సాక్ష్యం చెప్పారు. ఓడ అడుగున జరిగిన సేవ గురించి నేడు మనకు తెలిసినదానిలో ఎంతో భాగం వారి నోటి మాటే. ఈ పేరు మీ బిడ్డకు చెప్పండి. అప్పుడు ఆ కథలో ఒక పునీతుడు, ఒక గుంపు కాక, ఇద్దరు మనుషులు కనిపిస్తారు.

2. క్షమించడం వేరు, సమర్థించడం వేరు

పునీత జోసఫిన్ బకిత సుమారు 1869లో సూడాన్ దేశంలోని డార్ఫూర్ ప్రాంతంలో పుట్టింది. పసితనంలోనే బానిసల వ్యాపారులు ఎత్తుకుపోయారు. భయంతో తన పేరే మరచిపోయింది. 'బకిత' అన్నది ఆమెను ఎత్తుకుపోయినవారు పెట్టిన పేరు. అరబ్బీలో దానికి 'అదృష్టవంతురాలు' అని అర్థం. ఎంత క్రూరమైన పరిహాసమో చూడండి. పలుమార్లు అమ్ముడుపోయింది. ఒక యజమాని ఇంట్లో ఆమె ఒంటిమీద కత్తితో గాట్లు పెట్టి ఉప్పు రుద్దారు.

1885లో ఇటలీ చేరింది. అక్కడ ఒక కుటుంబంలో చంటిబిడ్డకు ఆయాగా ఉంది. ఆ బిడ్డతోపాటు వెనిస్ నగరంలో కనోసియన్ మఠకన్యల దగ్గర కొంతకాలం ఉన్నప్పుడు క్రీస్తు ప్రభువును తెలుసుకుంది. యజమానురాలు వచ్చి తిరిగి ఆఫ్రికాకు వెళ్దాం రమ్మన్నప్పుడు బకిత రానని చెప్పింది. వ్యవహారం న్యాయాధికారుల దాకా వెళ్లింది. ఇటలీ చట్టంలో బానిసత్వం లేదని, ఆమె స్వతంత్రురాలని 1889 నవంబరు 29న తీర్పు వచ్చింది. 1890 జనవరి 9న జ్ఞానస్నానం పొందింది. తరువాత కనోసియన్ మఠకన్య అయింది. స్కియో పట్టణంలోని మఠంలో వంట చేస్తూ, బట్టలు కుడుతూ, వాకిలి దగ్గర వచ్చినవారిని పలకరిస్తూ జీవించి, 1947 ఫిబ్రవరి 8న ప్రభువు సన్నిధికి చేరింది. 2000 అక్టోబరు 1న జగద్గురువులు రెండవ జాన్ పాల్ గారు ఆమెను పునీతురాలిగా ప్రకటించారు.

తనను ఎత్తుకుపోయినవారు ఎదురైతే మోకరిల్లి వారి చేతులు ముద్దుపెట్టుకుంటానని, వారివల్లనే తాను క్రైస్తవురాలినయ్యానని ఆమె చెప్పేది. పిల్లల పుస్తకాలు ఈ మాటను తప్పక చెబుతాయి. ఇక్కడ తల్లిదండ్రులు కాస్త ఆగాలి. ఎందుకంటే తెలివైన బిడ్డ వెంటనే అడుగుతాడు: "అయితే నాన్నా, వాళ్లు ఎత్తుకుపోవడం మంచిదేనా?"

కాదని గట్టిగా చెప్పండి. దేవుడు చెడు నుండి కూడా మేలు తీయగలడని పునీత అగస్తీను, పునీత థామస్ అక్వినాసు బోధించారు. దాని అర్థం చెడు మంచిదని కాదు. మేలుకు కారణం దేవుని కృప, చెడు కేవలం ఒక సందర్భం. ఇల్లు కాలినప్పుడు పక్కింటివారు పరుగెత్తుకొచ్చి ఆదుకుంటారు. అంతమాత్రాన నిప్పుపెట్టినవాడికి మనం దండ వేయము. అలాగే, క్షమించే హక్కు గాయపడినవారిది. బకితమ్మ తన గాయాన్ని తాను క్షమించింది. ఆమె క్షమను చూపించి ఇతరుల గాయాలను తేలిక చేసే హక్కు మనకు లేదు. పైగా ఆమె రానని నిలబడిన ఘట్టాన్ని బిడ్డకు మళ్లీ ఒకసారి చదివి వినిపించండి. క్షమించే హృదయం, కాదని చెప్పే ధైర్యం, రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి.

3. గొప్పవారికి అతిశయోక్తి అక్కరలేదు

హారియెట్ టబ్‌మన్ అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో బానిసగా పుట్టింది. 1849లో పారిపోయి స్వేచ్ఛ పొందింది. తాను క్షేమంగా ఉన్నాను కదా అని ఊరుకోలేదు. మళ్లీ మళ్లీ వెనక్కి వెళ్లి తమ్ముళ్లను, వృద్ధులైన తల్లిదండ్రులను, మరెందరినో రాత్రివేళల్లో నడిపించి బయటకు తెచ్చింది.

ఆమె 19 సార్లు వెళ్లి 300 మందిని విడిపించిందని పిల్లల పుస్తకాలు ఎన్నో రాశాయి. ఆ లెక్క 19వ శతాబ్దంలో సారా బ్రాడ్‌ఫర్డ్ రాసిన జీవిత చరిత్ర నుండి వచ్చింది. తరువాత చరిత్రకారులు పత్రాలన్నీ పరిశీలించి, సుమారు 13 సార్లు వెళ్లి 70 మంది దాకా తెచ్చిందని తేల్చారు. మీ ఇంట్లోని పుస్తకంలో పాత లెక్క ఉంటే దాచవద్దు. బిడ్డకు చూపించి, సరైన లెక్క పక్కన రాయించండి. పట్టుబడితే ప్రాణం పోతుందని తెలిసి ఒక్కసారి వెనక్కి వెళ్లినా అది వీరత్వమే. సత్యమే దేవునికి ప్రీతి. పునీతుల గురించిగాని, వీరుల గురించిగాని లేనిది చేర్చి చెబితే, పెద్దయ్యాక బిడ్డ ఉన్నది కూడా నమ్మడు.

4. గెలిచిన రోజు తరువాత ఏం జరిగింది?

విల్బర్‌ఫోర్స్ చరిత్ర మన పిల్లలకు ఓర్పు నేర్పుతుంది. 1789లో ఆయన బ్రిటిష్ పార్లమెంటులో బానిసల వ్యాపారానికి వ్యతిరేకంగా మాట్లాడాడు. 1791లో తీర్మానం 163కు 88 ఓట్లతో ఓడిపోయింది. చట్టం వచ్చేసరికి 1807 అయింది. ఆయన ఒక్కడే పోరాడలేదు. గుర్రం మీద ఊరూరా తిరిగి సాక్ష్యాలు కూడగట్టిన థామస్ క్లార్క్‌సన్ ఉన్నాడు. స్వయంగా బానిసగా బ్రతికి, తన ఖర్చుతో తానే విడుదల పొంది, 1789లో తన కథను తానే ప్రచురించిన ఒలాడా ఎక్వియానో ఉన్నాడు. బానిసల చెమటతో వచ్చిన చక్కెర మా ఇంట్లో వద్దని మానేసిన గృహిణులు ఎందరో ఉన్నారు.

1807 చట్టం వ్యాపారాన్ని మాత్రమే నిషేధించింది. బానిసత్వాన్ని రద్దు చేసే చట్టం 1833లో వచ్చింది. దానిలో 2 కోట్ల పౌండ్ల నష్టపరిహారం ఇచ్చారు. ఎవరికి? ఈ ప్రశ్న బిడ్డను అడిగి చూడండి. బానిసలకు అంటాడు. కాదు, యజమానులకు. బానిసలకు ఒక్క పౌను కూడా రాలేదు.

ఇక్కడ మన దేశం ప్రసక్తి కూడా ఉంది. ఆ 1833 చట్టం ఈస్టిండియా కంపెనీ పాలనలోని ప్రాంతాలకు వర్తించలేదు. మన దేశంలో బానిసత్వానికి చట్టపరమైన గుర్తింపు తీసివేసింది 1843 నాటి 5వ చట్టం. ఈలోగా చెరకు తోటల్లో బానిసల స్థానంలో పనిచేయడానికి 1834 నుండి భారతీయ కూలీలను ఒప్పందాల మీద మారిషస్ దీవికి ఓడల్లో తరలించారు. వారిలో మన తెలుగువారు కూడా ఉన్నారు. వారి సంతతి నేటికీ అక్కడ ఉంది. చట్టంతో ఒక చెడు పేరు మారుతుంది, కాని మెలకువగా లేకపోతే మరో పేరుతో అదే తిరిగి వస్తుంది. పెద్ద పిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పాలి.

5. "బానిసలను కొన్నవారు క్రైస్తవులేనా?"

పన్నెండేళ్ల బిడ్డ ఈ ప్రశ్న అడగక మానడు. అవునని నిజం చెప్పండి. క్లేవర్ గారి దుభాషీలను కొన్నది ఆయన ఉన్న యేసు సభ కళాశాలే. 1838లో అమెరికాలోని మేరీలాండ్ యేసు సభ గురువులు 272 మంది బానిసలను అమ్మివేశారు. 1452లో ఐదవ నికొలాసు పోపుగారు అన్యులను బానిసలుగా చేసుకోవడానికి పోర్చుగల్ రాజుకు అనుమతి ఇచ్చారు.

రెండో వైపు కూడా నిజమే. 1537లో మూడవ పౌలు పోపుగారు అమెరికా ఖండపు ఆదివాసుల స్వేచ్ఛను, ఆస్తిని హరించరాదని ఆజ్ఞాపించారు. 1839లో పదహారవ గ్రెగరీ పోపుగారు బానిసల వ్యాపారాన్ని ఖండించారు. మనుషులను ఎత్తుకుపోయి అమ్మడాన్ని నిర్గమకాండం 21:16 మరణశిక్షకు తగిన నేరమంది. 1 తిమోతి 1:10 అటువంటివారిని ఘోర పాపుల వరుసలో చేర్చింది. పారిపోయి వచ్చిన ఒనేసిమును బానిసగా కాక ప్రియ సోదరునిగా చేర్చుకోమని పునీత పౌలు ఫిలేమోనును వేడుకున్నాడు.

వాక్యం ఉంది, వినని చెవులూ ఉన్నాయి. శ్రీసభ పవిత్రమైనది, దానిలోని మనం పాపులం. ఈ మాట ఇంట్లో అమ్మానాన్నల నోట వింటే బిడ్డ విశ్వాసం గట్టిపడుతుంది. దాచిపెట్టి, రేపు బయట ఎవరో ఎగతాళిగా చెబితే చలిస్తుంది.

6. ఏ వయసుకు ఎంత?

ఏడేళ్లలోపు పిల్లలకు కొరడాలు, సంకెళ్లు ఉన్న బొమ్మలు చూపించవద్దు. అమ్మకు దూరమైన పిల్ల కథగా చెబితే చాలు. ఆ బాధ వారికి అర్థమవుతుంది. ఎనిమిది నుండి పదేళ్లవారితో రోజుకొక అధ్యాయం, కుటుంబ జపమాల తరువాత పైకి చదవండి. డగ్లస్ కథ ఈ వయసుకు తగినది. బాల్టిమోర్‌లో యజమానురాలు అతనికి అక్షరాలు నేర్పడం మొదలుపెట్టింది. భర్త వద్దన్నాక మానేసింది. అప్పుడు ఆ పిల్లవాడు రొట్టెముక్కలు జేబులో పెట్టుకుని వెళ్లి, వీధి పిల్లలకు అవి ఇచ్చి వారి దగ్గర చదువు నేర్చుకున్నాడు. హోంవర్కు అంటే విసుగుపడే మన పిల్లలు ఈ కథ వినాలి. పదకొండు దాటినవారికి పైన చెప్పిన కష్టమైన సంగతులన్నీ చెప్పవచ్చు.

7. పుస్తకం మూసిన తరువాత

హారియెట్‌ను ఐదారేళ్ల వయసులోనే ఒక ఇంటికి కూలికి పంపారు. పని ఏమిటంటే రాత్రంతా ఉయ్యాల ఊపుతూ చంటిబిడ్డను చూసుకోవడం. బిడ్డ ఏడిస్తే ఈ పసిపిల్లకు కొరడా దెబ్బలు. ఈ పేజీ చదివిన మీ బిడ్డ తలెత్తి చుట్టూ చూస్తాడు. అప్పుడు మన ఇంట్లోగాని, మన బంధువుల ఇంట్లోగాని పదేళ్ల పిల్ల చంటిబిడ్డను ఎత్తుకుని నిలబడి ఉంటే, ఇక మనం చదివిన పుస్తకానికి విలువేముంది?

"మేము దాన్ని సొంత బిడ్డలా చూసుకుంటున్నాం, అన్నం పెడుతున్నాం, పండుగకు బట్టలు కొంటున్నాం" అని కొందరు అంటారు. సొంత బిడ్డలాగా అయితే ఉదయం ఎనిమిదింటికి మీ బిడ్డతోపాటు ఆ పిల్ల కూడా పుస్తకాల సంచితో బడికి బయలుదేరాలి. 2016లో సవరించిన చట్టం ప్రకారం పద్నాలుగేళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. సొంత కుటుంబంలో బడి వేళల తరువాత చేసే సాయం వంటి కొద్దిపాటి మినహాయింపులే ఉన్నాయి. పక్క ఊరి పిల్లను తెచ్చి అంట్లు తోమించడం ఆ మినహాయింపు కిందికి రాదు. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 ఫోన్ నంబరు ఉంది.

పెద్దవారైన పనివారి విషయంలో కూడా ఒక మాట. బకితమ్మ తన పేరు పోగొట్టుకుంది. మన ఇళ్లలో పనిచేసేవారి పేరు మన పిల్లలకు తెలుసా? తల్లి వయసున్న మనిషిని ఆరేళ్ల బిడ్డ "ఏమే" అంటే, తాత వయసున్న పాలేరును "ఒరే" అంటే మనం నవ్వి ఊరుకుంటున్నామా? అక్కా, అత్తా, తాతా అని పిలిపించండి. బానిసత్వంపై పోరాటం మన ఇళ్లలో ఈ పిలుపుతో మొదలవుతుంది.

మన విచారణల్లో ఎన్నో కుటుంబాలకు మరో నిధి ఉంది. మీ తాతల్లో, ముత్తాతల్లో కొందరు అప్పు కింద పాలేర్లుగా, వెట్టివారుగా బ్రతుకు వెళ్లదీశారు. అమెరికా బానిసత్వం, మన వెట్టి ఒకటి కావు. అక్కడ మనిషిని సంతలో అమ్మారు, ఇక్కడ అప్పు, కులం కలిసి మనిషిని కట్టిపడేశాయి. వెట్టిచాకిరిని నిషేధిస్తూ మన దేశంలో 1976లో చట్టం వచ్చింది. ఆ రోజులు చూసిన పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. పుస్తకం ముగించిన రోజు బిడ్డను తాతయ్య మంచం దగ్గర కూర్చోబెట్టి, ఆయన కథ ఆయననే చెప్పమని అడగండి. అది సిగ్గుపడవలసిన కథ కాదు. బిడ్డ నోటుపుస్తకంలో రాసుకోవలసిన కథ.

కుటుంబంలో చర్చించడానికి

1. మనం చదివిన పుస్తకంలో పేరున్న బానిసలు ఎందరు? వారు తమ స్వేచ్ఛ కోసం తామే చేసిన పనులేవి?
2. బకితమ్మ క్షమించింది, కాదని కూడా చెప్పింది. ఈ రెండూ మన జీవితంలో ఎప్పుడెప్పుడు అవసరమవుతాయి?
3. మన ఇంటికోసం పనిచేసేవారి పేర్లు, వారి పిల్లల పేర్లు, ఆ పిల్లలు చదివే తరగతులు మనకు తెలుసా?
4. ఈ నెలలో మన కుటుంబం మార్చుకోగల ఒక్క అలవాటు ఏది?

ప్రార్థన: ఓ ప్రభువా, మీరు మాకోసం దాసుని రూపం ధరించారు. మా బిడ్డలు ఏ మనిషినీ తక్కువగా చూడకుండా, ఎవరి ముందూ భయంతో వంగకుండా పెరిగేట్లు దీవించండి. మా ఇంట్లో పనిచేసే ప్రతి చేతిలో మిమ్ము చూసే కన్నులు మాకు దయచేయండి. పునీత జోసఫిన్ బకితమ్మా, పునీత పీటర్ క్లేవర్ గారా, మాకొరకు ప్రార్థించండి. ఆమెన్.